మన పేరున ఉన్న సంఖ్య

చదువు ముగించి మొదటి ఉద్యోగంలో చేరే అబ్బాయినైనా అమ్మాయినైనా ఆఫీసువాళ్లు అడిగే కాగితాల్లో పాన్ కార్డు తప్పకుండా ఉంటుంది. పదో తరగతి మెమో బడి ఇస్తుంది. ఆధార్ చిన్నప్పుడే అమ్మానాన్నలు దగ్గరుండి తీయిస్తారు. రేషన్ కార్డులో ఇంటిల్లిపాదితో కలిపి ఒక పేరుగా ఉంటాం. పాన్ దగ్గరికొచ్చేసరికి సంగతి వేరు. చాలామంది తమంతట తాము అడిగి, తమ ఒక్కరి పేరునే, డబ్బుకు సంబంధించి తీసుకునే మొదటి గుర్తింపు అది. ఇక మీదట ఈ మనిషి సంపాదనా ఖర్చూ, కొన్నదీ అమ్మినదీ, దాచినదీ అప్పు తెచ్చినదీ ఆ ఒక్క సంఖ్య కిందికే చేరతాయి. ఇంత పెద్ద పని చేసే కార్డు గురించి మన ఇళ్లలో జరిగే మాటలు మాత్రం చాలా తక్కువ. వచ్చిందా, రాలేదా, జిరాక్సు ఉందా అన్నంతవరకే.

ఆ సంఖ్యలో ఉండేవి పదే పది గుర్తులు. ముందు ఐదు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర మరో అక్షరం. మొదటి మూడు అక్షరాలు వరుసక్రమంలో వచ్చేవి. నాలుగోది ఆ సంఖ్య ఎవరిదో చెబుతుంది. మనిషిదైతే పి, కంపెనీదైతే సి, హిందూ ఉమ్మడి కుటుంబానిదైతే హెచ్, భాగస్వామ్య సంస్థదైతే ఎఫ్, ట్రస్టుదైతే టి. ఐదోది ఆ మనిషి ఇంటిపేరులోని మొదటి అక్షరం. చిట్టచివరి అక్షరం ముందున్న తొమ్మిదీ సరిగా పడ్డాయో లేదో చూసుకోవడానికి. పెద్ద పరిశ్రమ నడిపే యజమాని సొంత కార్డు మీదా, ఆ పరిశ్రమ గేటు దగ్గర రాత్రి కాపలా కాసే మనిషి కార్డు మీదా నాలుగో స్థానంలో ఉండేది ఒకే అక్షరం. వారి ఆదాయాల మధ్య ఎంత దూరమున్నా, లెక్కల పుస్తకంలో ఇద్దరి హోదా ఒకటే. పన్నుల వ్యవస్థలో ఇంత సమానంగా పంచిపెట్టినది మరొకటి కనిపించదు.

ఈ సంఖ్య ఒక్కరోజులో పుట్టింది కాదు. పూర్వం ఆదాయపు పన్ను కార్యాలయాల్లో పెద్ద రిజిస్టరులో పేరెక్కించి, దాని వరుస నంబరునే గుర్తుగా వాడేవారు. పాత కాగితాల్లో జీఐఆర్ నంబరని కనిపించేది అదే. ఊరు మారితే, అధికారి మారితే, లెక్క మళ్లీ మొదటికొచ్చేది. 1961 ఆదాయపు పన్ను చట్టంలోకి 139ఎ అనే సెక్షను చేరి, 1976 ఏప్రిల్ 1 నుంచి శాశ్వత ఖాతా సంఖ్య, అంటే పాన్, చట్టబద్ధమైంది. అప్పట్లో ఆ సంఖ్యలనూ చేత్తోనే రాసి కేటాయించేవారు. దేశం మొత్తానికీ ఒకే చోట సరిచూసుకునే వీలుండేది కాదు. ఇప్పుడు మనం చూస్తున్న పది గుర్తుల కొత్త వరుస 1995 జులై నుంచి మొదలైంది. కంప్యూటరు ఇచ్చే సంఖ్య, దేశంలో ఎక్కడికి వెళ్లినా మారని సంఖ్య. 2003 తర్వాత దరఖాస్తులు తీసుకుని కార్డులు ముద్రించి పంపే పనిని బయటి సంస్థలకు అప్పగించడంతో జిల్లా కేంద్రాల్లో, ఆ తర్వాత చిన్న పట్టణాల్లో పాన్ సేవా కేంద్రాలు వెలిశాయి. అంతకుముందు ఆడిటరు గారి గదికీ ఆదాయపు పన్ను కార్యాలయానికీ పరిమితమైన పేరు, చూస్తుండగానే బజారులో వినిపించే మాటయింది.

దరఖాస్తు చేసుకునే తీరులో వచ్చిన మార్పు మరింత ఆలోచింపజేస్తుంది. పాన్ దరఖాస్తుకు వాడుతూ వచ్చిన 49ఎ ఫారం నింపేటప్పుడు గుర్తింపు కాగితాలేవీ లేనివారు ఎంపీ, ఎమ్మెల్యే, మునిసిపల్ కౌన్సిలరు, గెజిటెడ్ అధికారి వీరిలో ఎవరో ఒకరి చేత ధ్రువీకరణ తెచ్చుకోవాలన్నది నియమం. సంతకం రానివారు ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తే, అది వారిదేనని మేజిస్ట్రేటో నోటరీయో గెజిటెడ్ అధికారో ముద్ర కొట్టి చెప్పాలి. తన వేలు తనదేనని చెప్పుకోవడానికి మరొకరి సాక్ష్యం కావలసి వచ్చేది. ఎవరినీ ఎరగని మనిషికి అది చిన్న గడప కాదు. 2020లో ఆధార్ ఆధారంగా తక్షణ ఈ-పాన్ వచ్చింది. ఆధార్‌కు మొబైల్ నంబరు జతచేసి ఉన్న పెద్దవారికి ఓటీపీతో, కాగితం లేకుండా, రుసుము లేకుండా సంఖ్య వచ్చేస్తోంది. ముద్రించిన కార్డు ఇంటికి కావాలనుకుంటే చాలాకాలంగా ఉన్న రుసుము 107 రూపాయలు. అధికారి ముద్ర కోసం ఆఫీసు వరండాలో ఎదురుచూసిన తరానికి ఇది ఊహకందని సౌలభ్యం. ఈ మార్పు తెచ్చినవారిని మనసారా అభినందించాలి.

ఉచితమన్న సంగతి తెలియక డబ్బిచ్చి తీసుకుంటున్నవారు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నా, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నా, సర్కారు వ్యవహారం అనగానే మీసేవకో నెట్ సెంటరుకో వెళ్లడం మనకు అలవాటు. అందులో తప్పులేదు. రాయడం రానివారికి రాసిపెట్టే మనిషి ఎప్పుడూ అవసరమే. అయితే అక్కడ కుర్రాడు తన ఫోన్ నంబరునే ఫారంలో నింపేస్తే, తన ఈమెయిలే పెట్టేస్తే, కార్డు మనదే అయినా దాని కబురు మనకు చేరదు. ఓటీపీ ఒకరికి, నోటీసు ఒకరికి, జవాబుదారీ మాత్రం మనకు. దరఖాస్తు నాడు నంబరు గడిలో మన నంబరే పడిందా అని చూసుకోవడం చిన్న పనే. ఆ తర్వాత ఏళ్లపాటు దాని ప్రయోజనం ఉంటుంది.

తెలుగువారికి ఈ కార్డుతో ఉన్న చిక్కుల్లో ముఖ్యమైనది పేరు దగ్గరే వస్తుంది. ఫారంలో చివరి పేరు, మొదటి పేరు, మధ్య పేరు అని మూడు గడులుంటాయి. మనకేమో ఇంటిపేరు ముందుంటుంది. అదీ చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే రాసుకుంటాం. ఆ గడుల్లో పొడి అక్షరాలు ఒప్పుకోరు, పూర్తిగా విప్పి రాయాలి. రావు, రెడ్డి, కుమార్, కుమారి వంటివి పేరు చివర వస్తాయి కనుక వాటినే చివరి పేరుగా నింపేసిన కార్డులు తెలుగునాట కోకొల్లలు. అలాంటప్పుడు ఐదో అక్షరం ఇంటిపేరుది కాకుండా ఆ చివరి మాటది అవుతుంది. సంఖ్యకు దానివల్ల వచ్చే లోటు లేదు, అది చెల్లుతుంది. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడిగా ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్కులో అసలు ఉండదు. లక్ష్మి అనే పేరుకు ఒకచోట కె, ఎస్, హెచ్ అక్షరాలు, మరోచోట ఒక్క ఎక్స్ అక్షరం. వెంకటేశ్వర్లు గారి పేరు నాలుగు కాగితాల్లో నాలుగు రకాలు. మనిషి ఒక్కరే అని ఊరంతటికీ తెలుసు. కంప్యూటరుకు మాత్రం ప్రతి అక్షరం తేడా ఒక కొత్త మనిషే.

అందుకే పిల్లలకు పాన్ తీయించే ముందు ఇంట్లో అందరూ ఒకసారి కూర్చుని, వారి పేరు అన్ని చోట్లా ఎలా ఉండాలో నిర్ణయించుకోవడం మంచిది. బడిలో రాసిన పేరు, ఆధార్‌లో పేరు, బ్యాంకులో పేరు మూడూ ఒకటిగా ఉంటే, పాన్ వాటి వెంటే నడుస్తుంది. ఏదైనా ఒకటి తప్పుంటే ముందు దాన్ని దిద్దించుకుని తర్వాత దరఖాస్తు పెట్టడం మేలు. పాన్‌లో పేరు సవరణకూ మార్గముంది. సంఖ్య మారదు, వివరాలు మాత్రమే మారతాయి. ఈ సంగతి తెలియక, పేరు తప్పు పడిందని కొత్త కార్డుకు దరఖాస్తు చేసేవారున్నారు. మునుపటిది పోయిందని మళ్లీ కొత్తది అడిగేవారూ ఉన్నారు. ఒక మనిషికి ఒకే పాన్ ఉండాలన్నది చట్టం. రెండు ఉంటే 10,000 రూపాయల జరిమానాకు అవకాశముంది. తెలియక రెండోది వచ్చి ఉంటే, దాన్ని తిరిగి అప్పగించే ఏర్పాటు అదే సవరణ ఫారంలో ఉంది. భయపడి దాచిపెట్టడం కన్నా అడిగి అప్పగించడమే క్షేమం.

ఆడపిల్లల విషయంలో ఈ కార్డు చెప్పే మాట ఒకటుంది. పెళ్లయిన స్త్రీ అయినా పాన్ ఫారంలో తండ్రి పేరే రాయాలి, భర్త పేరు అడగరు. 2018 డిసెంబరు 5 నుంచి, తల్లి ఒక్కతే పెంచిన పిల్లలు తండ్రి పేరు లేకుండా తల్లి పేరుతోనే పాన్ తీసుకునే వీలు వచ్చింది. అదే సంవత్సరం ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ గుర్తింపును తామున్నట్టుగానే రాసుకునే గడి కూడా ఫారంలోకి వచ్చింది. పెళ్లికి ముందు పాన్ తీసుకున్న అమ్మాయి, అత్తవారి ఇంటిపేరు పెట్టుకుని కార్డులో పేరు మార్పించుకున్నా ఆ పది గుర్తులు మారవు. పుట్టింటి ఇంటిపేరులోని అక్షరం ఐదో చోట అలాగే నిలిచి ఉంటుంది. ఏ ఇంటికి వెళ్లినా ఆమె లెక్క ఆమెదే, మొదటి నుంచీ ఒకటే అని ఆ కార్డు ఒప్పుకుంటోంది. ఈ ఒప్పుకోలును మన కుటుంబాలూ గౌరవించాలి.

ఎందుకంటే, ఎన్నో ఇళ్లలో ఆమె పేరున కార్డు ఉంటుంది, ఆమెకు మాత్రం దాని సంగతి తెలియదు. ఆమె పేరున స్థలం కొన్నప్పుడు, ఆమె పేరున డిపాజిట్ వేసినప్పుడు, ఆమె పేరున అప్పు తీసినప్పుడు, ఇక్కడ సంతకం పెట్టమనడమే తప్ప ఏ కాగితమో చెప్పరు. ప్రేమ ఉన్న ఇళ్లలోనూ ఇది జరుగుతుంది. ఆమెకు ఈ తలనొప్పులు ఎందుకన్న దయతోనే చెప్పరు. ఆ దయ వల్ల జరిగే నష్టం ఒకనాడు ఆమె ఒంటరిగా బ్యాంకు మెట్లెక్కినప్పుడు బయటపడుతుంది. తన పేరున ఏమేమి ఉన్నాయో తనకే తెలియని స్థితి ఎవరికీ రాకూడదు. భార్యకూ అక్కాచెల్లెళ్లకూ పాన్ తీయించడంతో పని సగమే అవుతుంది. దాని లాగిన్ ఎలా తెరవాలో, అందులో ఏముందో చూపించినప్పుడే పూర్తవుతుంది.

ఈ కార్డు ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందో లెక్కల్లో చూద్దాం. 2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గ సంఘం పాన్ వ్యవస్థను ఆధునికం చేసే పాన్ 2.0 పథకాన్ని 1,435 కోట్ల రూపాయలతో ఆమోదించింది. అప్పటికి దేశంలో ఇచ్చిన పాన్‌లు సుమారు 78 కోట్లు. అదే ఏడాది జులై 31 గడువు నాటికి దాఖలైన ఆదాయపు పన్ను రిటర్నులు 7.28 కోట్లు. ఇచ్చిన పాన్‌లలో సంస్థలవి, మరణించినవారివి కూడా కలిసి ఉంటాయి నిజమే. గడువు తర్వాత వచ్చిన రిటర్నులూ ఉంటాయి. వాటన్నిటినీ లెక్కలోకి తీసుకున్నా, కార్డున్నవారిలో అత్యధికులు రిటర్ను వేయనివారేనని తేలిపోతుంది. పన్ను కట్టేవారి కోసం మొదలైన సంఖ్య ఇవాళ ఎక్కువగా పన్ను పరిధిలోకి రానివారి జేబుల్లో ఉంది. కారు కొనాలంటే అది కావాలి, డీమ్యాట్ ఖాతా తెరవాలన్నా, క్రెడిట్ కార్డు కోరినా అది కావాలి. షేర్ల మార్కెట్లో 2007 జులై నుంచి గుర్తింపుకు అదొక్కటే ఆధారం. ఈ కార్డు చుట్టూ అల్లిన నియమాలు ఇప్పుడెవరిని దృష్టిలో పెట్టుకోవాలో ఈ అంకెలే చెబుతున్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. పదవీ విరమణ డబ్బు డిపాజిట్ వేసుకుని వడ్డీ మీద బతికే పెద్దాయన ఉన్నారనుకుందాం. వడ్డీ పరిమితి దాటితే బ్యాంకు 10 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది. పాన్ ఇవ్వకపోతే ఆ కోత 20 శాతం. తన మొత్తం ఆదాయానికి పన్నే పడదని 15హెచ్ పత్రం ఇచ్చి కోతను ఆపుకునే సౌకర్యం ఏళ్లుగా ఉంది. దానికీ పాన్ ఉండాలి. అంటే పన్ను లేదని చెప్పుకోవడానికే పన్ను సంఖ్య కావాలి. భవిష్యనిధి విషయం ఇంకో పాఠం నేర్పింది. ఐదేళ్లు నిండకముందే ఉద్యోగం మాని, 50,000 రూపాయలు, అంతకు మించి నిధి తీసుకునేవారికి పాన్ ఉంటే 10 శాతం కోత. లేనివారికి గరిష్ఠ పన్ను రేటు, అంటే 30 శాతానికి పైగా, పడేది. పాన్ లేని కార్మికులు ఎవరు? తక్కువ జీతానికి, తక్కువ కాలం, కాంట్రాక్టరు కింద పనిచేసినవారే ఎక్కువ. కోటీశ్వరుడికి వేసే రేటు వారికి పడింది. 2023 బడ్జెట్‌లో దాన్ని 20 శాతానికి తగ్గించారు. తక్కువ జీతాలవారికే ఇది భారమవుతోందని ప్రభుత్వమే గుర్తించడం మెచ్చదగినది. ఆ ఆలోచన ముందే వచ్చి ఉంటే ఎందరి కష్టార్జితమో నిలిచేది.

ఆధార్‌తో అనుసంధానం కథా ఇలాంటిదే. 2017లో 139ఎఎ సెక్షను వచ్చింది. ఒకరికే పలు పాన్‌లు ఉండటాన్ని అరికట్టాలన్నది దాని లక్ష్యం, అది న్యాయమైనదే. గడువులు పలుమార్లు పెరిగాయి. 2022 మార్చి 31 దాకా ఉచితం. తర్వాత మూడు నెలలు 500 రూపాయలు. ఆపైన 1,000 రూపాయలు. 2023 జులై 1 నుంచి జతచేయని పాన్‌లు పనిచేయకుండా పోయాయి. 2024 జనవరి నెలాఖరు నాటికి 11.48 కోట్ల పాన్‌లు జతకాలేదనీ, 2023 జులై నుంచి అప్పటిదాకా ఆలస్య రుసుము కింద 600 కోట్ల రూపాయలకు పైగా వచ్చిందనీ ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. 2024–25లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ దినసరి కూలి 300 రూపాయలు. 1,000 రూపాయలంటే మూడు రోజుల కూలి ఇచ్చినా ఇంకా చాలదు. కావాలని జతచేయని వారికీ, పేరులో ఒక్క అక్షరం తేడా వల్ల జతచేయలేకపోయిన వారికీ ఒకే రుసుము పడింది. పన్ను పరిధిలోనే లేని మనిషి పన్ను కార్డు కోసం కట్టిన ఆ మొత్తంలో కొంతైనా అలాంటి వారికి మినహాయించి ఉంటే బాగుండేది. ఇకముందు ఇలాంటి గడువులు పెట్టినప్పుడైనా ఈ మాట గుర్తుంచుకోవాలి.

పని చేయని పాన్ దెబ్బ దాని యజమానితో ఆగలేదు. 50 లక్షల రూపాయలు, అంతకు మించిన ఇల్లో స్థలమో కొన్నవారు అమ్మినవారి నుంచి 1 శాతం పట్టుకుని సర్కారుకు కట్టాలి. అమ్మినవారి పాన్ పనిచేయనిదైతే అది 20 శాతం. అమ్మినాయన ఆధార్ జతచేయలేదన్న సంగతి కొన్నాయనకు తెలియదు. ఏడాది గడిచాక మిగతా పన్ను కట్టమని నోటీసు ఆయన ఇంటికొచ్చింది. ఇలాంటివి ఎన్నో రావడంతో 2024 ఏప్రిల్ 23న ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చి, అప్పటి లావాదేవీలకు మే 31 లోపు జతచేసుకుంటే ఊరట అని చెప్పింది. విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఇంకో రకం కలత. ప్రవాసులకు ఆధార్ జతచేయనక్కర్లేదని మినహాయింపు ఉంది. కానీ తాము ప్రవాసులమని శాఖ రికార్డుల్లో మార్పించుకోనివారి పాన్‌లూ ఆగిపోయాయి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో తండ్రి ఇచ్చిన ఇల్లు అమ్ముకోవడానికి అమెరికా నుంచి వచ్చినవారికి సెలవు రోజుల్లో సగం ఈ పనికే పోతే ఎవరికైనా కష్టమే. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారికి వేరే ఫారం ఉందన్న సంగతి ప్రయాణానికి ముందే తెలిస్తే కొంత శ్రమ తప్పుతుంది.

రైతుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. అయినా భూమి అమ్మినప్పుడు, పెద్ద మొత్తం బ్యాంకులో వేసినప్పుడు పాన్ అడుగుతారు. లేదంటే ఏం చేయాలో 1962 నాటి నిబంధనలే చెప్పాయి. పాన్ లేనివారు చాలా లావాదేవీలకు ఫారం 60 రాసిస్తే సరిపోతుందన్నాయి. వ్యవసాయం మీదే బతికేవారికి పూర్వం ఫారం 61 అని విడిగా ఉండేది, 2016 నుంచి అదీ 60లోనే కలిసింది. ఈ వెసులుబాటు కౌంటరు అవతలి ఉద్యోగికి తెలుసు. ఇవతల నిలబడ్డ రైతుకు తెలియదు. పాన్ లేకపోతే పని కాదు, రేపు రండి అనే జవాబు విని వెనుదిరిగిన మనిషికి ఆ రోజు పొలం పనీ పోయినట్టే, బస్సు ఖర్చూ పోయినట్టే. మరో ఫారం ఉంది బాబాయ్, కూర్చోండి రాద్దాం అని చెప్పే ఉద్యోగి ఒక్కరున్నా ఆ బ్యాంకుకు ఊళ్లో మంచి పేరు వస్తుంది.

కార్డు చేతికి వచ్చాక దాన్ని కాపాడుకోవడం ఇంకో ఎత్తు. రోజు కూలీకి కోట్ల రూపాయల పన్ను నోటీసు వచ్చిందన్న వార్తలు పత్రికల్లో అప్పుడప్పుడూ చూస్తూనే ఉన్నాం. ఎవరో ఆ మనిషి పాన్ కాపీతో లేని వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషను తీసుకుని ఉంటారు, లేదా అతని పేరున ఖాతా తెరిచి డబ్బు నడిపించి ఉంటారు. సిమ్ కార్డు దుకాణంలో, లాడ్జిలో, లోను ఇప్పిస్తానన్న ఏజెంటు దగ్గర మనం ఇచ్చి మరిచిపోయిన జిరాక్సు కాగితాలు ఇలాంటి చేతుల్లో పడతాయి. ఎక్కడో ఇచ్చిన కాపీ ఏమైందో పట్టించుకోకపోవడం, ఇంటి తాళంచెవి దారిలో ఎవరికో ఇచ్చి నిశ్చింతగా నిద్రపోవడం లాంటిది. జిరాక్సు మీద ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నామో అడ్డంగా రాసి సంతకం పెట్టడం అలవాటు చేసుకోవాలి. పాన్ అవసరమే లేని చోట అడిగితే మర్యాదగానే ఎందుకని అడగాలి. వాట్సాప్‌లో కార్డు ఫొటో పంపే ముందు ఒక క్షణం ఆగాలి. పాన్ 2.0 వచ్చింది, ఈ లింకు నొక్కి కొత్త కార్డు దించుకోండి అంటూ వచ్చిన ఈమెయిళ్లు మోసమని కేంద్ర సమాచార శాఖ నిజనిర్ధారణ విభాగం హెచ్చరించింది. పాత కార్డులు చెల్లుతాయని ప్రభుత్వం అప్పుడే స్పష్టంగా చెప్పింది కూడా.

మన సంఖ్య మీద ఏం జరుగుతోందో మనమే చూసుకునే కిటికీలు ఉన్నాయి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో లాగిన్ అయితే, 2021 నవంబరు నుంచి వార్షిక సమాచార నివేదిక కనిపిస్తోంది. మన పేరున వచ్చిన వడ్డీ, డివిడెండు, కొన్న అమ్మిన షేర్లు, పెద్ద నగదు జమలు, పట్టుకున్న పన్ను అన్నీ అందులో ఉంటాయి. మనది కానిది కనిపిస్తే అక్కడే అభ్యంతరం చెప్పవచ్చు. అలాగే రుణ సమాచార సంస్థలు ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశం ఉంది, 2017 నుంచి అమల్లో ఉంది. మనం తీసుకోని అప్పు మన పేరున ఉందో లేదో అందులో తెలిసిపోతుంది. వీటిని ఏడాదికొకసారి చూసుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. డిపాజిట్ వడ్డీ మీద బ్యాంకు పట్టుకున్న పన్ను తిరిగి రావలసి ఉన్నా అడగని పెద్దవారికి, ఆ మధ్యాహ్నం ఒక నెల మందుల ఖర్చు వెనక్కి తెచ్చిపెట్టవచ్చు. ఆ పని చేసిపెట్టే మనవడో మనవరాలో ఇంట్లో ఉంటే అంతకన్నా అదృష్టమేముంది.

ప్రజలు నేర్చుకోవలసింది ఉన్నట్టే, అడిగేవారూ మోయవలసిన బాధ్యత ఉంది. పాన్ అడగడం ఇప్పుడు బ్యాంకుకూ కంపెనీకీ కాంట్రాక్టరుకూ నగల దుకాణానికీ చట్టం ఇచ్చిన హక్కు. ఆ హక్కుతో పాటు, ఎందుకు అడుగుతున్నామో, లేకపోతే ఏం చేయవచ్చో, ఇచ్చాక ఎక్కడ చూసుకోవచ్చో చెప్పే కర్తవ్యం కూడా ఉండాలి. ఉద్యోగంలో చేరిన రోజున పాన్ నంబరు రాయించుకునే యాజమాన్యం, ఆ కుర్రవాడి జీతం నుంచి పట్టుకున్న పన్ను ఎక్కడ కనిపిస్తుందో చూపించవచ్చు. కాంట్రాక్టు కార్మికులకు మేస్త్రీల చేత నెలకోసారైనా ఈ మాటలు చెప్పించవచ్చు. ఇంటర్, డిగ్రీ కళాశాలల్లో చివరి ఏడాది ఒక్క తరగతి దీనికి కేటాయిస్తే, ఉద్యోగానికి బయల్దేరే పిల్లలు తమ పేరు తామే సరిచూసుకుని, ఫారం తామే నింపుకుని, తమ లాగిన్ తామే తెరుచుకుంటారు. స్వయం సహాయక సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు ఈ పాఠమూ సాగవచ్చు. పుస్తకాలు రాసుకోవడం, వడ్డీ లెక్క కట్టడం నేర్చుకుని దేశానికే దారి చూపిన తెలుగు మహిళలకు ఇదేమంత కష్టమైన విద్య కాదు.

అమలు తేదీని 2026 ఏప్రిల్ 1గా నిర్ణయించిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలోనూ పాన్ స్థానం చెక్కుచెదరలేదు. సెక్షన్ల సంఖ్యలు మారతాయి, ఫారాల పేర్లు మారతాయి, ఈ పది గుర్తులు మాత్రం మనతోనే ఉంటాయి. సంఖ్య పొందడం నిమిషాల పనైన కాలంలో, దాన్ని అర్థం చేసుకోవడానికి కూడా అంతే తేలికైన దారి వేయాలి. పేరు తేడాలను సామాన్యుడి తప్పుగా చూడకుండా, ఊరిలోనే, మాతృభాషలోనే, రుసుము లేకుండా దిద్దిపెట్టే ఏర్పాటు చేయాలి. తెలియని కారణంగా జరిగిన ఆలస్యానికీ, దాచిపెట్టిన ఆదాయానికీ ఒకే కొలత వాడకూడదు. పన్ను కట్టేంత సంపాదన అందరికీ ఉండదు. తన పేరున ఏముందో తెలుసుకునే హక్కు మాత్రం కార్డున్న ప్రతి ఒక్కరిదీ. కార్డు అడిగే ప్రతి చోటా అడిగినవారు ఆ మాట ఒక్కటి చెప్పి పంపితే, దేశం ఇచ్చిన ఇన్ని కోట్ల సంఖ్యలు నిజంగా వాటి యజమానుల చేతికి అందినట్టు.